పునీతుల చరిత్రలకు నునుపు పెట్టిన పరిష్కర్తలు

ఆరో శతాబ్దిలో ఫ్రాన్సు నడిబొడ్డున ఉన్న తూర్ నగరానికి పీఠాధిపతిగా ఉన్న గ్రెగరీ, పునీతుల మహిమలను గురించి తాను రాసిన పుస్తకాలలో ఒకదానికి పీఠిక రాస్తూ, పండితులు తనను ఎలా తిట్టిపోస్తారో ముందే ఊహించి ఆ తిట్లన్నీ తానే రాసిపెట్టాడు. ఓరీ పల్లెటూరి మొద్దూ, నామవాచకాల తేడా తెలియనివాడా, పుంలింగం ఉండవలసిన చోట స్త్రీలింగం, స్త్రీలింగం చోట నపుంసకలింగం, నపుంసకం చోట పుంలింగం పెడతావు, ద్వితీయా విభక్తికీ పంచమికీ తేడా తెలియక ఒకదాని స్థానంలో మరొకటి వాడతావు, నీవు కూడా రచయితలలో చేరదామనుకుంటున్నావా అని ఆ ఊహాపండితులు అడుగుతారు. నడివయసులో, ఉద్యోగం చేసుకుంటూ లాటిన్ నేర్చుకోవడం మొదలుపెట్టిన నాకు ఈ పీఠిక చదివినప్పుడు నవ్వు ఆగలేదు, ఎందుకంటే నా అభ్యాసపు కాగితాలపై ఎర్రసిరాతో వచ్చే తప్పులన్నీ వరుసగా అవే. కాని ఈ వ్యాసం గ్రెగరీ వినయాన్ని గురించి కాదు. ఆయన ఊహించిన ఆ పండితులు వెయ్యేళ్ళ తరువాత నిజంగానే వచ్చారు, చేతిలో కలంతోనూ వెనుక అచ్చుయంత్రంతోనూ వచ్చారు, మధ్యయుగాల పునీతుల చరిత్రలను తమకు తెలిసిన మంచి లాటిన్‌లోకి సవరించి అచ్చువేశారు. ఆ పనిని గురించే కొంతకాలంగా ఆలోచిస్తున్నాను.

ముందుగా ఆ సవరణకు గురైన భాష ఎలాంటిదో చెప్పాలి. ప్రాచీన రోమన్ వాగ్మి సిసెరో కాలపు లాటిన్ మనకు బడిలో నేర్పే లాటిన్. అయిదో శతాబ్ది నుంచి ఎనిమిదో శతాబ్ది దాకా గాల్ (అంటే నేటి ఫ్రాన్సు), ఇటలీ, స్పెయిన్ ప్రాంతాల మఠాలలో రాసిన లాటిన్ దానికి చాలా దూరం జరిగింది. విభక్తి ప్రత్యయాలు ఒకదానితో ఒకటి కలగలిసిపోయాయి, వాటి పనిని చిన్న చిన్న అవ్యయాలు ఎత్తుకున్నాయి, ఇకారానికి ఎకారం, ఉకారానికి ఒకారం రావడం మామూలయింది. ఈ మార్పులలో చాలా భాగం అజ్ఞానం వల్ల వచ్చిన తప్పులు కావు, అవి ఫ్రెంచి, ఇటాలియన్, స్పానిష్ భాషలు పుడుతున్నప్పటి అడుగుల చప్పుడు. గ్రెగరీ ఈ భాషను రుస్తికుస్, అంటే పల్లెటూరిది, అన్నాడు. మన పండితుల మాటలో చెప్పాలంటే గ్రామ్యం. తత్వం చెప్పే వాగ్మి మాట కొద్దిమందికే అర్థమవుతుంది, పల్లెటూరి వాడి మాట పదిమందికీ అర్థమవుతుంది అని జనం అంటుండగా విన్నానని ఆయనే తన చరిత్రగ్రంథం మొదట్లో రాశాడు. ఆ గ్రంథం చివరికి వచ్చేసరికి, నా రచన ఎంత మొరటుగా ఉన్నా దీనిని చెరపవద్దు, ఏరుకుని కొంత ఉంచి కొంత వదలవద్దు, కావాలంటే పద్యాలుగా రాసుకోండి గాని నా పుస్తకాన్ని మాత్రం ఉన్నదున్నట్టు ఉంచండి అని తన తరువాత వచ్చే పీఠాధిపతులకు ఒట్టు పెట్టి చెప్పాడు. మొరటుతనం ఆయనకు తెలియక వచ్చింది కాదు, దానిని తెలిసే కాపాడుకున్నాడన్నమాట.

పదిహేనో శతాబ్దిలో ఇటలీలో ప్రాచీన సాహిత్యంపై మోజు పెరిగి, లోరెంజో వల్లా వంటివారు సరైన లాటిన్ అంటే ఏమిటో సూత్రాలు కట్టి చెప్పడం మొదలయ్యాక, చదువుకున్నవారి చెవికి మఠాల లాటిన్ కటువుగా వినిపించసాగింది. అంతటితో ఆగక, క్రైస్తవ పదాలు కూడా కొందరికి మోటుగా తోచాయి. పునీతుడు అనడానికి సాంక్తుస్ అనే మాట వందల ఏళ్ళుగా ఉండగా, రోమన్ చక్రవర్తులను దేవుళ్ళుగా కొలిచినప్పుడు వాడిన దీవుస్ అనే మాటను పునీతుల పేర్ల ముందు తగిలించారు. చర్చికి ఎక్లేసియా అనే మాట పోయి, గుడి అనే అర్థమున్న తెంప్లుమ్ వచ్చింది. ఈ వెర్రి ఎంత దూరం వెళ్ళిందంటే, సిసెరో వాడని మాట ఏదీ వాడమని పట్టుబట్టినవారిని ఎగతాళి చేస్తూ డచ్చి పండితుడు ఎరాస్మస్ 1528లో ఏకంగా ఒక సంభాషణ గ్రంథమే రాయవలసి వచ్చింది. అయితే పునీతుల చరిత్రల నాణ్యత విషయంలో మాత్రం ఎరాస్మస్ వర్గానికీ మిగతావారికీ పెద్ద తేడా లేదు. పదమూడో శతాబ్దిలో జాకొపో ద వొరాజినె కూర్చగా యూరప్ అంతా చదివిన ‘బంగారు గాథలు’ అనే సంకలనాన్ని గురించి స్పానిష్ పండితుడు హువాన్ లూయిస్ వివెస్, ఇనుప నోరూ సీసపు గుండే ఉన్నవాడు రాసినదానికి బంగారం అనే పేరెందుకు పెట్టారో తెలియదని 1531లో విసుక్కున్నాడు.

ఇంతలో లూథర్ తిరుగుబాటు వచ్చింది. పునీతుల ఆరాధనే మూఢనమ్మకమని ప్రొటెస్టెంట్లు అంటున్న కాలంలో, ఆ పునీతుల చరిత్రలు వ్యాకరణదోషాలతో, వింతకథలతో ఉంటే ఎగతాళి చేయడానికి ఎదుటివారికి మరీ సులువు. ప్రొటెస్టెంట్లకు జవాబుగా కాథలిక్కులు జరిపిన ట్రెంట్ మహాసభకు అధ్యక్షత వహించినవారిలో ఒకడైన పీఠాధిపతి లుయిజీ లిప్పోమానో 1551 నుంచి 1560 వరకు ఎనిమిది సంపుటాలలో పునీతుల చరిత్రలు వెలువరించాడు. ఆయన పని మీద ఆధారపడి, దానికి ఎన్నో కొత్త రాతప్రతులు చేర్చి, పంచాంగం వరుసలో జనవరి నుంచి డిసెంబరు దాకా పునీతుల చరిత్రలను ఆరు పెద్ద సంపుటాలుగా 1570, 1575ల మధ్య కొలోన్ నగరంలో అచ్చువేసినవాడు లారెన్షియస్ సూరియస్. ల్యూబెక్‌లో పుట్టి, మౌనవ్రతానికి పేరుపడ్డ కార్తూసియన్ మఠంలో చేరి, జీవితమంతా గదిలో కూర్చుని రాసిన మనిషి ఆయన. ఇరవై నాలుగు గంటల్లో ఎక్కువ భాగం మాట్లాడకుండా గడిపే నియమం ఉన్న సన్యాసి మాటల సొగసుకోసం అంత తపన పడడం నాకెప్పుడూ విచిత్రంగా తోస్తుంది.

సూరియస్ చేసినదేమిటంటే, రాతప్రతిలోని లాటిన్ మరీ మొరటుగా ఉందనిపించిన చోట దానిని తన కాలపు చదువరులు నొసలు చిట్లించకుండా చదివే లాటిన్‌గా మార్చాడు. ఆ పని చాటుగా చేయలేదు. శైలి మార్చాననీ, పాఠకుల సౌకర్యం కోసమే మార్చాననీ, విషయాన్ని ముట్టుకోలేదనీ చెప్పాడు, చాలా చరిత్రల మొదట ఆ సంగతి విడిగా అచ్చువేశాడు కూడా. తరువాతి కాలపు పండితులు ఆయన పాఠాన్ని ప్రస్తావించినప్పుడల్లా ‘ముతాతో స్తీలో’, అంటే శైలి మార్చి, అనే రెండు మాటలు తగిలించడం పరిపాటి అయింది. వాటిని చదివి చదివి అవి సూరియస్ ఇంటిపేరేమో అనిపించే స్థితికి వచ్చాను.

ఆయన నమ్మకం అర్థం చేసుకోదగినదే. భాష బట్ట, విషయం శరీరం, బట్ట మార్చినంత మాత్రాన మనిషి మారడు అని ఆయన అనుకున్నాడు. కాని ఈ రచనల విషయంలో ఆ విభజన ఎక్కడ తెగుతుందో చూడాలంటే ఒక చిన్న ఉదాహరణ చాలు. ‘ఫలానావాడు వచ్చాడని చెప్పాడు’ అనడానికి ప్రాచీన లాటిన్‌లో కర్తను ద్వితీయలో పెట్టి క్రియను తుమున్నంతం వంటి రూపంలోకి మార్చాలి. మధ్యయుగ రచయితలు మాత్రం క్వోద్ లేదా క్వియా అనే మాట పెట్టి తరువాత మామూలు వాక్యం రాసేవారు. వ్యాకరణం తెలిసిన పరిష్కర్త మొదట సరిదిద్దేది దీనినే. అయితే ఈ క్వియా వాక్యాలు ఎక్కడివి? అవి లాటిన్ బైబిలులోనివి. ‘మరియు’ అని మొదలయ్యే వాక్యం తరువాత మళ్ళీ ‘మరియు’ అని మొదలయ్యే వాక్యం పెట్టడం, ‘అప్పుడు ఇలా జరిగెను’ అనడం, ‘ఇదిగో’ అని పాత్రను ప్రవేశపెట్టడం, ఇవన్నీ సువార్తల నడకలు. ఒక సన్యాసి తన మఠాన్ని స్థాపించిన గురువును గురించి ఆ నడకలో రాసినప్పుడు, వినేవారికి ఆ గురువు వెనుక క్రీస్తు నీడ కనిపిస్తుంది, కుష్ఠరోగిని ముట్టుకున్న సంఘటన చెబితే సువార్తలోని కుష్ఠరోగి గుర్తొస్తాడు. ఆ వాక్యాలను విడదీసి, పొడుగు వాక్యంగా అల్లి, ఉపవాక్యాలను పొందికగా అమర్చితే వ్యాకరణం బాగుపడుతుంది, నీడ పోతుంది. విషయాన్ని ముట్టుకోలేదన్న మాట అక్కడ నిలబడదు, ఎందుకంటే ఆ పోలికే ఆ రచనలోని అసలు విషయం.

రెండో నష్టం చరిత్రకారులది. పేరులేని రచయిత రాసిన పునీతుని చరిత్ర ఏ కాలానిదో తేల్చడానికి ఉన్న కొద్ది ఆధారాలలో భాష ఒకటి. ఏడో శతాబ్ది గాల్‌లో రాసినదీ, తొమ్మిదో శతాబ్దిలో ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ విద్యాసంస్కరణల తరువాత రాసినదీ, పన్నెండో శతాబ్ది బడిలో చదివినవాడు రాసినదీ చదవగానే వేరుగా తెలుస్తాయి. సూరియస్ చేతి నుంచి బయటికి వచ్చాక అవన్నీ 1570లో కొలోన్‌లో ఒకే మనిషి రాసినట్టు వినిపిస్తాయి. అసలు రాతప్రతి ఎక్కడైనా మిగిలి ఉంటే ఫరవాలేదు. ఆ రాతప్రతి తరువాతి యుద్ధాలలోనో మఠాల మూసివేతలలోనో పోయి, సూరియస్ పాఠం ఒక్కటే మిగిలిన చోట, మనం పునీతుని పక్కన కూర్చున్న శిష్యుని గొంతు వింటున్నామో కొలోన్ సన్యాసి గొంతు వింటున్నామో చెప్పడం కష్టం.

ఇక్కడ ఒక న్యాయం చెప్పాలి. పునీతుల చరిత్రలను తిరగరాయడం మధ్యయుగాలలోనే మొదలయింది. షార్లమేన్ కొలువులోని పండితుడు ఆల్క్విన్ అదే పని చేశాడు. రికారియుస్ అనే పునీతుని పాత చరిత్రను మెరుగైన లాటిన్‌లో రాసిమ్మని మఠాధిపతి ఆంగిల్‌బెర్ట్ అడిగితే రాశాడు, రాస్తూ ఒక సంగతి దాచకుండా చెప్పాడు: జనం మధ్య చదవడానికి నునుపు తేలని సాదా మాటే తగినదని ఆ మఠంలోని సన్యాసులు అనుకునేవారట. అంటే భక్తులకు పాత పుస్తకం చాలు, కొత్తది రాజుగారి కొలువుకోసం. పాల్కురికి సోమనాథుడు జాను తెనుగులో, ద్విపదలో చెప్పిన బసవపురాణాన్ని పిడుపర్తి సోమనాథుడు పద్యకావ్యంగా మార్చిన సంగతి తెలిసిన మనకు ఇది కొత్తగా ఉండదు. పిడుపర్తివారి పుస్తకం పిడుపర్తివారిదే, పాల్కురికి ద్విపద పాల్కురికిదే, ఏది కావాలంటే అది చదువుకోవచ్చు. ఆల్క్విన్ పుస్తకానికి ఆల్క్విన్ జవాబుదారీ. సూరియస్ పని ఈ రెంటికీ మధ్య ఎక్కడో పడుతుంది: తిరగరచన అనడానికి చాలదు, పరిష్కరణ అనడానికి ఎక్కువ, పైన పేరు మాత్రం పాత రచయితదే.

ఈ మోజు గద్యంతో ఆగలేదని కూడా గుర్తుచేయాలి. స్వయంగా లాటిన్ కవి అయిన పోపు ఎనిమిదో అర్బన్, ప్రార్థనా గ్రంథంలోని పురాతన కీర్తనల ఛందస్సు తప్పుగా ఉందని జెసూయిట్ అనే సన్యాసి సంఘానికి చెందిన నలుగురు పండితులకు అప్పగించి సవరింపజేశాడు. 1632లో వెలువడిన ఆ గ్రంథంలో తొమ్మిది వందలకు పైగా సవరణలు లెక్కపెట్టారు. బెనెడిక్టీన్, కార్తూసియన్, డొమినికన్ శాఖల సన్యాసులు మాకు పాతవే చాలునని పాతవే పాడుకున్నారు. లాటిన్ లోపలికి వచ్చింది, భక్తి బయటికి వెళ్ళింది అనే వెటకారపు సామెత ఆ సందర్భంలో పుట్టినదే.

ఎదురుగాలి కూడా సుమారుగా ఆ కాలంలోనే మొదలయింది. ఉట్రెక్ట్‌లో పుట్టిన జెసూయిట్ హెరిబెర్ట్ రోస్‌వైడె, ఫ్లాండర్స్ పరిసరాల మఠాలలోని రాతప్రతులు తిరగేస్తూ, అచ్చులో తాను చదివిన చరిత్రలకూ చేతిలోని తోలు కాగితాలకూ పొంతన లేదని గమనించాడు. 1607లో ఆంట్వెర్ప్‌లో ఒక చిన్న పుస్తకం వేసి, బెల్జియం గ్రంథాలయాలలో ఏయే పునీతుల చరిత్రలు ఉన్నాయో జాబితా ఇచ్చి, వాటిని రాతప్రతిలో ఉన్నదున్నట్టుగా పద్దెనిమిది సంపుటాలలో అచ్చువేస్తానని ప్రకటించాడు. ఆ పథకం చూసిన కార్డినల్ బెల్లార్మీన్, ఈయన రెండు వందల ఏళ్ళు బతుకుదామనుకుంటున్నాడా అని అడిగాడట. రోస్‌వైడె ఒక్క సంపుటమైనా తేకుండానే 1629లో పోయాడు. ఆయన కాగితాలు జాన్ బొల్లాండ్ చేతికి వచ్చాయి. 1643లో జనవరి నెల పునీతులతో రెండు సంపుటాలు వెలువడ్డాయి. బొల్లాండ్ పేరుమీద ఏర్పడిన ఆ చిన్న బృందం పనిచేస్తూనే పోయింది, డిసెంబరు నెలకు ఉపోద్ఘాతంగా వచ్చిన సంపుటం 1940 నాటిది. బెల్లార్మీన్ అంచనా తక్కువే.

నిజానికి మొరటు లాటిన్‌ను యథాతథంగా అచ్చువేయడం రోస్‌వైడె ఆలోచనతో మొదలయినది కూడా కాదు. 1480కి కొంచెం ముందే మిలన్‌లో బొనీనో మొంబ్రిజియో రెండు పెద్ద సంపుటాలలో పునీతుల చరిత్రలు అచ్చువేశాడు. ఆయన స్వయంగా లాటిన్ కవి, నవ్యపండితుడు, దిద్దాలనుకుంటే దిద్దగలిగినవాడు. అయినా రాతప్రతిలో దొరికినదాన్ని తప్పులతో సహా ఇచ్చాడు. అది శ్రద్ధ వల్లనో తీరిక లేకనో నేను తీర్పు చెప్పను, కాని ఆ పుస్తకం ఇప్పటికీ పనికొస్తోంది.

బొల్లాండ్ బృందం శైలిని ముట్టుకోలేదు, పదాలు మార్చితే పాఠాంతరాలు చూపారు. అయితే నాకు ఆలోచన కలిగించినది వారు మార్పుగా లెక్కపెట్టని మార్పులు. వర్ణక్రమాన్ని బడి పద్ధతికి తెచ్చారు. విరామచిహ్నాలు పెట్టారు. ఎడతెగక సాగే కథనాన్ని అధ్యాయాలుగా కోసి, పేరాలకు వరుస సంఖ్యలు వేసి, శీర్షికలు తగిలించారు. ఆ సంఖ్యలు లేకుండా ఎవరికీ ఏదీ చూపించలేము, వాటిని తప్పుపట్టను. కాని శైలి మార్చానని సూరియస్ బాహాటంగా చెప్పినందువల్ల చదువరి జాగ్రత్తపడతాడు, వర్ణక్రమం మార్చిన సంగతి ఎవరూ చెప్పనందువల్ల ఎవరూ జాగ్రత్తపడరు. రాతప్రతిలో ఇకారం స్థానంలో ఎకారం ఉన్న మాట భాషాచరిత్రకారునికి ఒక సాక్ష్యం. దానిని నిశ్శబ్దంగా సరిదిద్దిన మంచి పరిష్కర్త, వాక్యాన్నే తిరగరాసిన సూరియస్ కంటే ఆ ఒక్క విషయంలో ఎక్కువ నష్టం చేసినట్టు.

దీనికి నేను ఎప్పుడూ చెప్పుకునే ఉదాహరణ అదొమ్నాన్ రాసిన కొలుంబా చరిత్ర. స్కాట్లండ్ పడమటి తీరాన ఒక చిన్న దీవిలో, ఐర్లండ్ నుంచి వచ్చిన కొలుంబా స్థాపించిన మఠానికి అదొమ్నాన్ అధిపతి, 704లో చనిపోయాడు. ఐర్లండ్ భాష నీచమైనదనీ, అందులోని మనుషుల పేర్లూ ఊళ్ళ పేర్లూ కటువుగా ఉన్నాయనీ ఈ పుస్తకాన్ని తోసిపుచ్చవద్దని పీఠికలో వేడుకున్నాడు. చివర మరో మాట చేర్చాడు: ఈ పుస్తకాలకు నకలు తీసేవారందరినీ క్రీస్తు పేరున ఒట్టుపెడుతున్నాను, నకలు తీశాక మూలప్రతితో శ్రద్ధగా పోల్చి సరిచూడండి, ఈ ఒట్టును కూడా ఇక్కడే రాయండి. ఆ ఒట్టులో రాయడం అనే అర్థంలో ఆయన వాడిన క్రియ కరక్సారె, గ్రీకు నుంచి వచ్చి ఐర్లండ్ పండితుల నోట నానిన మాట. సిసెరోకు తెలియని మాట.

అదొమ్నాన్ తరువాత కొద్ది ఏళ్ళకే డోర్బేనె అనే సన్యాసి తీసిన నకలు మిగిలింది. 713లో పోయిన ఆ దీవి మఠాధిపతి డోర్బేనె ఆయనే అని పండితుల అభిప్రాయం. తన ఆత్మకోసం ప్రార్థించమని చివర పేరు రాసుకున్నాడు. ఆ ప్రతి ఎలాగో సముద్రం దాటి, జర్మనీలోని రైఖెనౌ మఠానికి చేరింది. పదిహేడో శతాబ్దిలో ఐరిష్ జెసూయిట్ స్టీఫెన్ వైట్ అక్కడ దానిని చూసి నకలు తీశాడు. ఆ నకలు ఆధారంగా, స్వదేశం విడిచి లూవెన్‌లో ఉన్న ఐరిష్ ఫ్రాన్సిస్కన్ జాన్ కోల్గన్ 1647లో దానిని అచ్చువేశాడు. ఇంగ్లీషువారి పాలనలో నలిగిపోతున్న తమ దేశపు పునీతులను యూరప్ ముందు నిలబెట్టాలన్నది వారి తపన, తమవారు అనాగరికులన్న నింద తొలగించాలన్నది వారి పట్టుదల. అలాంటివారి చేతుల్లో ఐరిష్ లేఖకుల వింత వర్ణక్రమం బడి వర్ణక్రమంగా మారడంలో ఆశ్చర్యం ఏముంది? కాని పోల్చి చూడండని ఒట్టు పెట్టిన పుస్తకం అది. ఆ తరువాత పోల్చడానికి మూలప్రతే కనిపించకుండా పోయింది. 1845లో ఫెర్డినాండ్ కెల్లెర్ అనే స్విస్ పండితుడు షాఫ్‌హౌజెన్ పట్టణ గ్రంథాలయంలో, ఒక పెట్టె అడుగున పాత పుస్తకాల మధ్య, పేరూ సంఖ్యా లేకుండా పడి ఉన్న ఆ తోలు కాగితాలను చూశాడు. విలియం రీవ్స్ 1857లో డబ్లిన్‌లో వెలువరించిన పరిష్కరణతో డోర్బేనె రాసిన అక్షరాలు మళ్ళీ అచ్చులోకి వచ్చాయి.

దీని తరువాత లోలకం మరో వైపుకు కూడా ఊగింది. పందొమ్మిదో శతాబ్ది చివరికల్లా, ప్రతులలో ఏది ఎక్కువ మొరటుగా ఉంటే అదే అసలుదని నమ్మే ధోరణి కొందరు జర్మన్ పరిష్కర్తలలో వచ్చింది. నిద్రమత్తులో లేఖకుడు చేసిన పొరపాటును కూడా రచయిత భాషగా గౌరవించే ప్రమాదం అందులో ఉంది. అందమైన లాటిన్ మోజులాగే అందవికారపు లాటిన్ మోజు కూడా మోజే.

షాఫ్‌హౌజెన్ ప్రతి బొమ్మలు ఇప్పుడు కంప్యూటర్‌లో ఎవరైనా చూడవచ్చు. గుండ్రని, దట్టమైన ఐరిష్ అక్షరాలు అవి. మొదటిసారి తెరిచినప్పుడు నేను వెతికినది దీవి పేరు. అదొమ్నాన్ దానిని ఇఒవా దీవి అని, వకారానికి ఉకారపు అక్షరమే వాడి రాశాడు. పాత లిపిలో ఉకారానికీ నకారానికీ తేడా చిన్న గీత ఎక్కడ కలుస్తుందన్నదే. తరువాతి కాలంలో ఎవరో ఆ ఉకారాన్ని నకారంగా చదివారు. ఏటా పడవల్లో అక్కడికి వెళ్ళే యాత్రికులు ఈనాటికీ ఆ దీవిని అయోనా అనే పిలుస్తున్నారు.